జానెడు దూరంలో గోడ

మధురైలో ఆ హోటల్ హాల్లో మా తమ్ముడు తన ఫోను నుంచి ల్యాప్‌టాప్‌కి నెట్ ఇవ్వబోతే, మొదటి అరగంటలో అది ఐదుసార్లు తగులుకుని ఐదుసార్లు ఊడిపోయింది. మొదటి రెండుసార్లూ తమ్ముడు ఫోన్ని తిట్టాడు. మూడోసారి ల్యాప్‌టాప్‌ని తిట్టాడు. నేను దేన్నీ తిట్టలేదు. ముప్పై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. ఒకే తప్పు ఐదుగురు పిల్లల కాగితాల్లో ఒకేలా కనిపిస్తే, ఎవరు ఎవరిని చూసి రాశారో ఆరా తియ్యడం నాకు అలవాటు. ఆ ఊడిపోవడంలో ఒక క్రమం ఉంది. తగులుకున్నాక ఇరవై లెక్కపెట్టేలోగా పోతోంది. చెడిపోయిన వస్తువు ఏదీ అంత క్రమంగా చెడిపోదు.

మేమక్కడికి ఎందుకు వెళ్ళామో చెప్పాలి. మాది కోయంబత్తూరు నుంచి మేట్టుపాళయం వెళ్ళే దారిలో ఒక ఊరు. మా వీధిలో ఒకప్పుడు అందరికీ పొలాలే. ఇప్పుడు సగం ఇళ్ళ వెనక ఇనుము చెక్కే లేతు యంత్రాలు తిరుగుతుంటాయి. మా తమ్ముడు రేకుల షెడ్డులో పంపు మోటార్లకు స్టార్టర్ పెట్టెలు తయారుచేస్తాడు. నేను రిటైరయ్యాక ఉత్తరాలు రాయడం, కొనేవాళ్ళతో మాట్లాడడం నా పనైంది. రెండేళ్ళు కష్టపడి అతను ఒక కొత్త పెట్టె చేశాడు. ఇంట్లో కూర్చుని ఫోన్లో నొక్కితే తోటలో మోటారు తిరుగుతుంది. అలాంటివి బజారులో ఇదివరకే ఉన్నాయి. మా పెట్టె గొప్పేమిటంటే, బావిలో నీళ్ళు అయిపోతే ఎవరూ చెప్పకుండా తనే మోటారు ఆపేసి, ఆ సంగతి ఫోనుకు చెబుతుంది.

మొదటి పెట్టెను మధురైకి పడమట ఉన్న కంబంలో మా చిన్నమ్మ ద్రాక్షతోటలో బిగించాం. ఆవిడకు డెబ్బై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. మూడు ఫేజుల కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మోటారు కొట్టు దాకా పరుగెత్తే బాధ తప్పిందని ఆవిడ సంతోషపడింది. అంతలో మధురైలో పంపులమ్మే దుకాణదారులూ రైతులూ కలిసే ఒకరోజు సభ ఉందని తెలిసి, ఒక బల్ల మాకూ అడిగి తీసుకున్నాం. బల్ల తీసుకున్నవాళ్ళకు తలా ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో మధురై హాల్లోంచి కంబంలో మోటారు తిప్పి చూపించాలి. చిన్నమ్మ తన ఫోన్ని ద్రాక్షపందిరి రాతికంబానికి తువ్వాలుతో కట్టి, నీళ్ళు పడే గొట్టం కనిపించేలా తిప్పి పెడుతుంది. ఇక్కడ పెద్ద తెర మీద ఆ నీళ్ళు కనపడాలి. ఇదీ మా ఏర్పాటు. దీనికంతటికీ కావలసింది ల్యాప్‌టాప్‌కి నెట్, అంతే.

పొద్దున ఎనిమిదింటికి గది తాళం ఇచ్చేటప్పుడే రిసెప్షన్లో అమ్మాయి నాలుగు పేజీల కాగితం ముందుకు తోసి సంతకం చెయ్యమంది. నేను నాలుగు పేజీలూ చదివాను. వెనక నిలబడినవాళ్ళు విసుక్కున్నారు, తమ్ముడు నేల చూపులు చూశాడు. మూడో పేజీలో చిన్న అక్షరాల్లో, అతిథులు సొంతంగా పెట్టుకునే వైర్‌లెస్ కనెక్షన్లను భద్రత దృష్ట్యా అదుపు చేసే హక్కు హోటల్‌కు ఉందని ఇంగ్లీషులో రాసి ఉంది. ఎవరి భద్రత అని అడిగాను. ఆ అమ్మాయి నవ్వి, అందరికీ ఇదే కాగితం మేడమ్ అంది. సంతకం పెట్టాను. ఆ నవ్వు నాకు నచ్చలేదు కానీ, నచ్చకపోవడం ఒక్కటే సంతకం మానడానికి చాలదనుకున్నాను.

ఫోను దారి మూసుకుపోయాక తమ్ముడు హోటల్ నెట్ కొందామన్నాడు. అది ఒక రోజుకి, ఒక్క యంత్రానికి మాత్రమే. దాని వెల గది అద్దెలో నాలుగో వంతు. డబ్బు సంగతి పక్కన పెట్టినా, తెరిచిన పేజీ చూసి నాకు ఒళ్ళు మండింది. పేరు, గది నంబరు, ఫోను నంబరు, పుట్టిన తేదీ అన్నీ అడుగుతోంది. నెట్‌కి నా పుట్టినరోజుతో ఏం పని? అన్నిటికన్నా పైన ఒక పెద్ద కంపెనీ గుర్తు ఉంది. ఆ రోజు హాలు ఖర్చు పెట్టుకున్నది ఆ కంపెనీయే. మా పెట్టె లాంటి పెట్టెను మా పక్క బల్ల మీద పరిచి కూర్చున్నదీ ఆ కంపెనీ మనుషులే.

అంటే చిన్నమ్మ మోటారును తిప్పే రహస్య సంఖ్య, పక్క బల్లవాళ్ళ పేరున్న గుమ్మంలోంచి వెళ్ళాలి. వద్దన్నాను. తమ్ముడు నాకు పిచ్చన్నాడు. గుర్తు వేసుకున్నంత మాత్రాన లోపల పోయేది వాళ్ళు చూస్తారా అన్నాడు. చూడరని నువ్వు రాసిస్తావా అని అడిగాను. చివరికి నా మాట కాదని అతనే కొన్నాడు. పేజీలు తెరుచుకున్నాయి, వార్తలు వచ్చాయి, వాన రాదని కూడా చెప్పింది. మా పెట్టెతో మాట్లాడే ప్రోగ్రాం మాత్రం కదల్లేదు. కింద రిసెప్షన్లో అడిగితే, అలాంటివాటికి పై తరగతి నెట్ ఉంది, దాని వెల వేరు అన్నారు. అప్పుడు తమ్ముడి ముఖంలో కూడా అనుమానం కనిపించింది.

మేనేజర్ని పిలిపించాను. మంచి మాటకారి. తమిళంలో చాలా మర్యాదగా, ఇది పాత కట్టడమని, గోడలు మందమని, ఫోను సిగ్నళ్ళు లోపల నిలవవని చెప్పాడు. ల్యాప్‌టాప్‌నీ ఫోన్నీ బల్ల మీద పక్కపక్కన పెట్టి చూపించాను. రెండింటి మధ్య దూరం జానెడు. ఆ జానెడులో గోడ ఎక్కడుందో చూపించమన్నాను. ఆయన మళ్ళీ మందపు గోడల సంగతే మొదటినుంచీ చెప్పాడు.

ఆ తర్వాత నేను చేసిన పని బడిలో నేర్చుకున్నదే. ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని, తమ్ముణ్ణి వెంటపెట్టుకుని రోడ్డు దాటి టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నాను. అదే ఫోను, అదే ల్యాప్‌టాప్. పది నిమిషాలు చెక్కుచెదరకుండా నడిచింది. లోపలికి వచ్చాం. ఇరవై అంకెలు లెక్కపెట్టేలోగా పోయింది. మళ్ళీ బయటికి, మళ్ళీ లోపలికి. మూడోసారి వెళ్ళినప్పుడు టీ కొట్టాయన మేము ఏదో పోగొట్టుకుని వెతుకుతున్నామనుకుని బెంచీ కింద వంగి చూశాడు. ఎప్పుడెప్పుడు ఎక్కడ ఎంతసేపు నడిచిందో కాగితం మీద రాసుకున్నాను. ఏడుసార్లు చూశాం. బయట ఒక్కసారి కూడా పోలేదు, లోపల ఒక్కసారి కూడా నిలవలేదు.

ఇక నాకు అందరి మీదా అనుమానం వచ్చింది. పక్క బల్లవాళ్ళు నవ్వుకుంటే మమ్మల్ని చూసే అనిపించింది. నల్లకోటు వేసుకున్న హాలు సూపర్‌వైజర్ ఒకతను, ముప్పై ఐదేళ్ళుంటాయి, పొద్దున్నుంచీ మా బల్ల చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. నేను కాగితం చదువుతున్నప్పుడు రిసెప్షన్ పక్కన నిలబడిందీ అతనే. ఒకసారి నీళ్ళ సీసాలు సర్దాడు. ఇంకోసారి బల్ల మీద గుడ్డ సరిచేశాడు, అది సరిగ్గానే ఉంది. ఇతన్ని మన మీద కాపలా కుక్కలా పెట్టారని తమ్ముడితో అన్నాను, అతనికి వినపడేలాగే. వినపడితే ఏం? మేము మాట్లాడుకునేది మా ఇంటి తెలుగు. కోయంబత్తూరు బజారులో ధర తగ్గించి అడగాలన్నా, బస్సులో పక్కవాడి గురించి చెప్పుకోవాలన్నా, మా వాళ్ళకు ఆ భాషే మూసిన తలుపు. చిన్నప్పటినుంచీ ఆ తలుపు వెనక నిలబడి మాట్లాడి మాట్లాడి, అది అందరికీ మూసే ఉంటుందని నమ్మేశాను.

పన్నెండు గంటలకు తమ్ముడు తల పట్టుకుని ఇంకో మాట బయటపెట్టాడు. వోల్టేజీ బాగా తగ్గితే మా పెట్టె ఒక్కసారి నొక్కితే లేవడం లేదని, రెండోసారి నొక్కాలని, ఆ లోపం ఇంకా సరిచెయ్యలేదని, ఎవరూ అడక్కపోతే బతికిపోతామని అన్నాడు. ఇదీ మా తెలుగులోనే. నల్లకోటు అతను రెండడుగుల దూరంలో కుర్చీలు సర్దుతున్నాడు.

భోజనాల వేళ హాలు ఖాళీ అయింది. తమ్ముడు చిన్నమ్మకు ఫోన్ చేసి చెప్పడానికి బయటికి వెళ్ళాడు. నేనొక్కదాన్నే బల్ల దగ్గర ఉన్నాను. నల్లకోటు అతను వచ్చి మా బల్ల మీద ఖాళీ కప్పులు తీస్తూ, నా వైపు చూడకుండా, నెమ్మదిగా అన్నాడు.

"అక్కా, గోడ లేదు, ఏమీ లేదు. పైన ఉండే ఆ తెల్ల పెట్టె దాన్. ఫోన్లోంచి ఎవురన్నా నెట్ ఇస్తా ఉంటే అది పట్టి తెంపేస్తాది. అట్లా పెట్టి ఉండారు."

తల ఎత్తి చూశాను. పైకప్పులో పళ్ళెమంత తెల్లటి పెట్టె, దాని మధ్య చిన్న పచ్చదీపం. పొద్దున్నుంచీ దాని కిందే కూర్చున్నాం. కానీ నన్ను కుదిపింది ఆ పెట్టె కాదు, అతని నోట్లోంచి వచ్చిన, నొక్కి చెప్పడానికి తమిళపు 'దాన్' తగిలించే మా తెలుగు.

"నీకు తెలుగు వచ్చునా?" అన్నాను.

"ఇంట్లో అదే దాన్ అక్కా. మాది వాడిపట్టి పక్క."

పొద్దున్నుంచీ ఏమేం అన్నామో ఒక్కొక్కటే గుర్తుకు వచ్చింది. అతన్ని కాపలా కుక్క అన్నాను. మేనేజర్ని దొంగ అన్నాను. తమ్ముడు చెప్పిన లోపం సంగతి అన్నిటికన్నా చివర గుర్తొచ్చి, అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది. మధురై చుట్టూ ఎన్ని ఊళ్ళలో మన మాట ఉందో తెలియనిదాన్ని కాదు. పెళ్ళిళ్ళకని ఎన్నిసార్లు తిరిగాను. చల్లటి హోటల్లో నల్లకోటు చూసేసరికి ఆ తెలివి ఎక్కడికి పోయిందో.

అతను కప్పులు పళ్ళెంలో పెట్టుకుంటూ, ఛార్జింగ్ తీగతో ఫోన్ని ల్యాప్‌టాప్‌కి కలిపి నెట్ ఇవ్వమన్నాడు. గాల్లో పోయేదాన్నే ఆ తెల్ల పెట్టె తెంపగలదట, తీగలో పోయేదాని జోలికి రాలేదట. కాగితంలో రాసింది కూడా వైర్‌లెస్ గురించే కాబట్టి మేము మాట తప్పినట్టు కాదన్నాడు.

ఇంత సులువైన దారి మాకు తట్టలేదంటే నమ్మబుద్ధి కాలేదు. ఇందులో ఏదో ఉచ్చు ఉందనిపించింది. తీగ పెట్టగానే మేనేజర్ని పిలుచుకొచ్చి, నియమం తప్పారని అందరి ముందూ బల్ల ఖాళీ చేయిస్తే?

"ఇది నాకెందుకు చెప్తా ఉండావు?" అని సూటిగా అడిగాను.

"పొద్దున ఆ కాగితం నాలుగు పక్కలూ చదివినారు కదా. నేను వచ్చిన కాణ్ణించి దాన్ని చదివినవాళ్ళను చూడలేదు" అన్నాడు. కప్పుల పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయాడు.

తమ్ముడు తిరిగొచ్చాక తీగ పెట్టి చూశాం. ఇరవై లెక్కపెట్టాను. వంద లెక్కపెట్టాను. తెర మీద ద్రాక్షపందిరి వచ్చింది, దాని కింద మడతకుర్చీలో చిన్నమ్మ. తమ్ముడు కళ్ళు తుడుచుకున్నాడు. నేను ఫోన్ని మా పెట్టెల బొమ్మలున్న కాగితాల కిందికి నెట్టాను. మేనేజర్ ఆ దారిన పోతూ తీగ వైపు చూశాడు. ఛార్జింగ్ పెట్టుకున్నామనుకున్నాడో, తెలిసే ఊరుకున్నాడో చెప్పలేను.

మాకు రెండున్నరకు ఇచ్చిన సమయం మూడుకు జరిగింది. కంబంలో మూడు ఫేజుల కరెంటు మూడున్నర దాకానే. తమ్ముడు మాటలు తగ్గించి నేరుగా మీట నొక్కాడు. ఐదు క్షణాలు ఏమీ జరగలేదు. తర్వాత తెర మీద గొట్టం ఒకసారి దగ్గి, నీళ్ళు కక్కింది. హాల్లో కొందరు చప్పట్లు కొట్టారు. ముందు వరసలో కూర్చున్న పెద్దాయన ఒకరు మాత్రం చెయ్యెత్తి, ఇది ముందే తీసిపెట్టుకున్న వీడియో అన్నారు. ఇలాంటివి చాలా చూశానన్నారు.

నాకు ఆయన మీద కోపం రాలేదు. ఆయన స్థానంలో నేనున్నా అదే అనేదాన్ని. మీరే చెప్పండి, ఏం చెయ్యమంటే అది చేస్తాం అన్నాను. ఆపమన్నారు, ఆపాం. తిప్పమన్నారు, తిప్పాం. అది కూడా చాలక, ఆ ముసలావిణ్ణి ఎడమకాలి చెప్పు తీసి నీళ్ళ కింద పెట్టమనమన్నారు. తమ్ముడు ఆ మాట చిన్నమ్మకు చేరవేశాడు. ఆవిడ కుర్చీలోంచి లేచి ఫోను దగ్గరికి వచ్చింది. తెర నిండా ఆవిడ ముఖమే.

"తాగే నీళ్ళలో చెప్పు పెట్టేదా? అడిగినాయన ఎవురో ఆయన్ను ఈడికి వచ్చి పెట్టమను" అంది.

హాలంతా నవ్వింది. తెలుగు రానివాళ్ళకు కూడా ఆ గొంతు అర్థమైంది. తర్వాత ఆవిడే పందిరి నుంచి ఒక గుత్తి తెంపి, ధార కింద కడిగి, ఒక్కొక్క పండు నోట్లో వేసుకుంటూ తెరలోంచి మమ్మల్ని చూస్తూ నిలబడింది. పెద్దాయన చెయ్యి దించేశారు. అలా తినేది వీడియోలో ఉండదని పక్కవాళ్ళతో అన్నారు.

అప్పుడు పక్క బల్ల కంపెనీ మనిషి లేచాడు. వోల్టేజీ తక్కువున్నప్పుడు మీ పెట్టె ఒక్కసారికే లేస్తుందా అని అడిగాడు.

తమ్ముడు నా వైపు చూశాడు. నేను హాలు వెనక్కి చూశాను. నల్లకోటు అతను గోడ దగ్గర గ్లాసుల్లో నీళ్ళు పోస్తున్నాడు. మా వైపు చూడలేదు. చూడకపోవడమే నేరం ఒప్పుకోవడంలా అనిపించింది నాకు ఆ క్షణాన. అబద్ధం చెబితే అక్కడే పట్టుకుంటారు. ఒక్కసారికి లేవదు, రెండోసారి నొక్కాలి, ఆ పని మీదే ఉన్నాం అని చెప్పేశాను. హాల్లో గుసగుసలు వస్తాయని చూశాను. రాలేదు. మా ఊళ్ళో వోల్టేజీకి నాలుగోసారి నొక్కినా ఏదీ లేవదని వెనకనుంచి ఎవరో అన్నారు, మళ్ళీ నవ్వులు. ఆ సాయంత్రం పదకొండు మంది మా నంబరు తీసుకున్నారు. చెప్పు పెట్టమన్న పెద్దాయన మొదటివాడు.

ఇంటికొచ్చాక హోటల్ ప్రధాన కార్యాలయానికి ఉత్తరం రాశాను. ఏడుసార్లు చూసిన లెక్కంతా పట్టీ గీసి జత చేశాను. నా ఫోన్లో నేను కొనుక్కున్న నెట్‌ని నా ల్యాప్‌టాప్‌కి ఇచ్చుకోనివ్వకుండా తెంచే హక్కు మీకెవరిచ్చారు, తెంచి మీది అమ్ముకోవడం ఏ భద్రత అని అడిగాను. తీగ సంగతి రాయలేదు, అతని ఉద్యోగానికి ముప్పు వస్తుందని. రెండు ఉత్తరాలకు జవాబు లేదు. మూడోదానికి, అతిథుల భద్రతే మా ధ్యేయమని, అసౌకర్యానికి చింతిస్తున్నామని, మరోసారి వచ్చినప్పుడు ఒకరోజు నెట్ ఉచితమని ఒక కూపన్ పంపారు. దాన్ని వాడుకోవాలంటే పుట్టిన తేదీ నింపాలి.

నెల తర్వాత నల్లకోటు అతను ఫోన్ చేశాడు. నంబరు మా కాగితం మీదుంది కదా. తన తండ్రి బావికి ఒక పెట్టె కావాలన్నాడు. తమ్ముడు వెంటనే సరేనన్నాడు. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. పక్క బల్లవాళ్ళు మా పెట్టె విప్పి చూసుకోవడానికి ఇతని చేత అడిగిస్తున్నారేమో. అసలు వాడిపట్టిలో ఇతనికి బావి ఉందో లేదో. తమ్ముడితో పాటు నేనూ వస్తానని బయల్దేరాను. ఎందుకని అడిగితే, మధురైలో గుడికి పోవాలన్నాను.

బావి ఉంది. చుట్టూ వరి, గట్టు మీద కొబ్బరి చెట్లు. ఆ రోజు అతను కోటు లేకుండా, లుంగీ మడిచి కట్టుకుని ఎదురొచ్చాడు. గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది. అతని తల్లి మాకు మజ్జిగ ఇచ్చింది. ఆ రోజు పక్క బల్లవాడికి లోపం సంగతి చెప్పింది నువ్వేనా అని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేదు. వాడు పంపులు అమ్ముకునేవాడు, ఆ ప్రశ్న ఎవరికైనా తోచేదే. అవునన్నా కాదన్నా, అతని జవాబును నేను నమ్మలేనని నాకు తెలుసు.

తమ్ముడు పెట్టె బిగించి, తండ్రి ఫోన్లో ప్రోగ్రాం పెట్టి, రెండుసార్లు మోటారు తిప్పి చూపించాడు. ఆ ముసలాయన సంతోషించలేదు. పెట్టెనూ మమ్మల్నీ మార్చి మార్చి చూశాడు.

"అయితే ఈ మోటారు మీరు కూడా తిప్పొచ్చు కదా? మీ ఊళ్ళో కూర్చుని?" అని అడిగాడు.

తమ్ముడు నవ్వబోయి ఆగిపోయాడు. అలాంటిది చెయ్యం పెద్దనాయనా అన్నాడు. "చేస్తారా అని నేను అడగలేదు, చెయ్యొచ్చునా అని అడిగినాను" అన్నాడాయన. కొడుకు సిగ్గుపడి ఏదో సర్దిచెప్పబోయాడు. నేను అతన్ని ఆపాను. ఇంతకాలం ఒక హోటల్‌ని, ఒక కంపెనీని, ఈ పిల్లవాణ్ణి వరసగా బోనెక్కించినదాన్ని నేను. ఇప్పుడు ఆ బోనులో మేమే నిలబడి ఉన్నాం.

"చెయ్యొచ్చు" అన్నాను. "పెట్టెతో వచ్చే సంఖ్య మా దగ్గర ఉండాది. అది మీరు మార్చేస్తే మా వల్ల కాదు."

తమ్ముడు నన్ను చురుగ్గా చూశాడు. ఇదివరకు ఎవరికీ మేము ఆ మాట చెప్పి ఉండలేదు, ఎవరూ అడగలేదు కాబట్టి. పెట్టె ముందుభాగంలో ఉన్న మీటలతో, అంకె ఎంతైతే అన్నిసార్లు నొక్కి, సంఖ్య ఎలా మార్చాలో తమ్ముడు ముసలాయనకు నేర్పాడు. ఆయన రెండుసార్లు అడిగి, మూడోసారి తనే చేసి చూపించాడు. నేర్చుకున్నాక మమ్మల్నందర్నీ మోటారు కొట్టులోంచి బయటికి పొమ్మన్నాడు. కొడుకుని కూడా. తలుపు దగ్గరికి వేసుకున్నాడు.

ఎండలో నిలబడ్డాం. లోపల మీట నొక్కినప్పుడల్లా పెట్టె కీచుమంటోంది. ఒకటి, రెండు, మూడు, నేను లెక్కపెడుతున్నానని నాలుగో కీచుకి గానీ నాకే తెలియలేదు. అక్కణ్ణించి ఆ కీచులు వినపడనంత దూరం, గట్టు మీద కొబ్బరి చెట్ల దాకా నడిచి, అతని తల్లితో మాటల్లో పడ్డాను.